తీమార్‌దారీ ఆసుపత్రి గేటు దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

మన ఇళ్ళలో ప్రతి బీరువా మీదా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఏ బట్టల షాపు వాళ్ళో ఇచ్చింది. అందులో అమ్మీ ఎక్స్‌రేలు, అబ్బా ఈసీజీలు, మూడేళ్ళ కిందటి షుగర్ రిపోర్టులు, ఎవరివో గుర్తులేని మందుల చీటీలు ఉంటాయి. ఏ దవాఖానాకు వెళ్ళినా ఆ కవరు చంకన పెట్టుకుని వెళ్తాం. డాక్టర్ సాబ్ అందులోంచి ఒక కాగితం లాగి చూస్తారు, మిగతావి మళ్ళీ కవర్లోకి పోతాయి. ఆగిరిపల్లి నుంచి నూజివీడుకు, నూజివీడు నుంచి విజయవాడకు మరీజ్‌తో పాటు వెళ్ళే ఖబర్ మొత్తం ఆ కవరే. దాన్ని మోసే కొడుకో కోడలో ఆ రోజు ఊళ్ళో లేకపోతే మరీజ్ ఖాళీ చేతులతో డాక్టరు ముందు కూర్చుంటాడు.

ఇప్పుడు నర్సింగ్ చదువుల్లో దీనికి కేర్ కోఆర్డినేషన్ అని పేరు పెట్టారు. ఒక రోగిని పది మంది చూస్తున్నప్పుడు ఆ పది మందికీ మధ్య దారం తెగకుండా చూసే పని అన్నమాట. మనకు ఇంతకన్నా మంచి మాటే ఉంది: తీమార్‌దారీ. రోగి పక్కన కూర్చుని, మందు వేళకు మందిచ్చి, పర్హేజ్ చేయించి, ముఖం చూసి తేడా కనిపెట్టడం. ఇంట్లో ఈ పని ఆడవాళ్ళు చేస్తారు, వార్డులో నర్సులు చేస్తారు. వార్డుకూ ఇంటికీ మధ్య ఎవరూ చెయ్యరు. నా షికాయత్ అంతా ఆ మధ్యలో జాగా గురించే.

ఆగిరిపల్లి సంగతే చూడండి. ఊరు విజయవాడ–నూజివీడు దారిలో ఉంది. చిన్న జబ్బయితే ఊళ్ళోనే చూపించుకుంటారు. కాస్త పెద్దదైతే నూజివీడు ఏరియా ఆసుపత్రి, అంతకన్నా పెద్దదైతే విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి, లేదా అప్పు చేసి ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ఈ మండలం ఏలూరు జిల్లాలో చేరింది. విజయవాడేమో ఎన్టీఆర్ జిల్లా అయింది. మనిషి అలవాటు మారలేదు, బస్సు మారలేదు, కాగితాల దారి మాత్రం మారింది. విజయవాడలో ఆపరేషన్ చేయించుకున్న మనిషి సంగతి ఆగిరిపల్లి మండలంలోని నర్సుకు తెలియాలంటే ఆ ఖబర్ ఒక జిల్లా సరిహద్దు దాటాలి. మరీజ్ ఆటోలో దాటుతాడు, ఖబర్ దాటదు.

పైగా ఇది మామిడి దేశం. మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా ఇక్కడ ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడానికి కూడా తీరిక ఉండదు. తోటలు గుత్తకు తీసుకున్నవాళ్ళు, కోతకు వెళ్ళేవాళ్ళు, గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు, నున్న మార్కెట్‌కు లోడు తోలేవాళ్ళు అందరికీ ఏడాది సంపాదన ఆ మూడు నెలల్లోనే. చెట్టు మీంచి పడి కాలు విరిగినవాడికి "మే 12న రివ్యూకి రండి" అని రాసిస్తే ఎవరొస్తారు? ఆ తారీఖు రాసినవారికి బంగినపల్లి ధర తెలుసు గానీ కోత ఎప్పుడో తెలియదు. ఊళ్ళో ఉండే నర్సుకు తెలుసు. ఆమెను అడిగి తారీఖు వేస్తే ఏం పోతుంది?

మా ఖాలా ఒకావిడ షుగరు ముదిరి కాలి పుండుతో విజయవాడలో పెద్ద ఆసుపత్రిలో చేరింది. పేరు అనవసరం. వైద్యం మంచిగానే చేశారు, అబద్ధం చెప్పకూడదు. డిశ్చార్జి రోజు మధ్యాహ్నం ఒక ఇంగ్లీషు కాగితం, మందుల సంచీ, ఇన్సులిన్ చేతిలో పెట్టి "తీపి తినొద్దమ్మా" అన్నారు. ఖాలా ఉర్దూ తప్ప మరో లిపి చదవలేదు. ఇంటికొచ్చాక మిఠాయి ముట్టలేదు, చాయ్‌లో చక్కెర మానేసింది. చిన్న రసాలు మాత్రం పూటకు రెండు తినేది. "అది మేవా కదా బేటా, మిఠాయి కాదు కదా" అనేది. పాత మాత్ర ఆపేసి కొత్త పేరుతో అదే మందు రాశారన్న సంగతి ఎవరూ చెప్పలేదు గనక రెండూ వేసుకుంది. ఒక తెల్లవారుజామున చెమటలు పట్టి మాట పడిపోయింది. చక్కెర నీళ్ళు పట్టించి బతికించింది పక్కింటి అమ్మాయి. ఆ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చింది. ఖాలా ఇల్లు దాటి రెండు సందుల అవతల విలేజ్ క్లినిక్ ఉంది. అందులో నర్సింగ్ చదివిన అమ్మాయే కూర్చుంటుంది. ఖాలా ఆసుపత్రిలో చేరిందనీ, ఇన్సులిన్ మొదలుపెట్టారనీ ఆ క్లినిక్‌కు ఎవరూ చెప్పలేదు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. వార్డు సిస్టర్‌కు తన మంచాలున్నాయి, విలేజ్ క్లినిక్ అమ్మాయికి తన రిజిస్టర్లున్నాయి. ఇద్దరూ బహుశా ఒకే పాఠ్యపుస్తకాలు చదివారు. ఇద్దరికీ మధ్య ఫోన్ నంబరు లేదు.

మన దగ్గర ఇంతెజామ్ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద దేశమంతటా లక్షన్నర హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు పెట్టాలనుకున్నప్పుడు వాటిలో డాక్టరు కాని ఒక మధ్యస్థాయి మనిషి కావాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని నర్సింగ్ చదివినవాళ్ళకే ఇచ్చారు. ఎంఎల్‌హెచ్‌పీ అంటారు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అని కూడా అంటారు. రెండు, రెండున్నర వేల జనాభాకు ఒకరు చొప్పున, పదివేల పైచిలుకు విలేజ్ క్లినిక్‌లు. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది, అది మన రివాజ్. లోపల కూర్చునే అమ్మాయి మాత్రం అదే కాంట్రాక్టు మీద ఉంటుంది. అనుమానం వస్తే ఈ-సంజీవనిలో దూరంగా ఉన్న డాక్టరుతో మాట్లాడుతుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు. అంటే ఊరి నర్సు నుంచి డాక్టరుకు దారి వేశారు. పెద్దాసుపత్రి నర్సు నుంచి ఊరి నర్సుకు దారి మాత్రం వెయ్యలేదు.

ఆ దారి వేయగలిగిన వాళ్ళు నర్సింగ్ కాలేజీల వాళ్ళని నా అభిప్రాయం.

కాలేజీకీ ఆసుపత్రికీ రిష్తా కొత్తగా కలపాల్సిన పని కూడా లేదు. నర్సింగ్ కాలేజీ పెట్టాలంటే వంద పడకల మాతృ ఆసుపత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. ప్రతి విద్యార్థికీ ముగ్గురు రోగులు ఉండాలన్న లెక్క కూడా ఉంది. కానీ ఆ రిష్తాను మనవాళ్ళు పడకల లెక్కగానే చూస్తారు. తనిఖీ రోజు మంచాలు లెక్కపెడతారు. పిల్లలు వార్డులో పల్స్ చూస్తారు, బీపీ రాస్తారు, దుప్పట్లు సర్దుతారు, కేస్ స్టడీ పుస్తకం నింపుతారు. రోగి డిశ్చార్జి కాగానే ఆ కేస్ స్టడీ కూడా అక్కడితో ఖతం. ఆ మనిషి ఇంటికెళ్ళి బతికాడా, మళ్ళీ చేరాడా అని ఏ విద్యార్థినీ ఎవరూ అడగరు. అడగనిది తాలీమ్‌లో భాగం ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక దూరదేశం ముచ్చట చెప్పాలి. అమెరికాలో ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా నర్సింగ్ స్కూలు ప్రొఫెసర్ మేరీ నేలర్ సరిగ్గా ఈ డిశ్చార్జి గేటు దగ్గరే నిలబడి ఆలోచించారు. 1999లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో 65 ఏళ్ళు దాటిన 363 మంది రోగులున్నారు. సగం మందికి మామూలు డిశ్చార్జి. మిగతా సగం మందిని ఆసుపత్రిలో ఉండగానే ఒక నర్సు కలిసి, ఇంటివాళ్ళతో మాట్లాడి, ఇంటికెళ్ళాక నాలుగు వారాల పాటు తనే వెళ్ళి చూసి, ఫోనులో అందుబాటులో ఉంది. ఇరవై నాలుగు వారాలు గడిచేసరికి మామూలుగా పంపినవారిలో 37.1 శాతం మంది మళ్ళీ ఆసుపత్రిలో చేరారు. నర్సు వెంట నడిచినవారిలో 20.3 శాతమే. ఖర్చు కూడా దాదాపు సగానికి దిగింది. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త మిషన్ కొనలేదు. అదే నర్సు గేటు దాటి ఇంటిదాకా వచ్చింది, అంతే. అయితే అక్కడ ఆ పని చేసింది పైచదువులు చదివి అనుభవమున్న నర్సులు, విద్యార్థులు కాదు. ఆ తేడా మరిచిపోకూడదు.

మన పక్కనే వెల్లూరు ఉంది. మన కుటుంబాల్లో వెల్లూరు వెళ్ళిరానివాళ్ళు తక్కువ. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1909లో నర్సుల శిక్షణ మొదలైంది, 1946 నుంచి డిగ్రీ చదువు ఉంది. అక్కడ పాఠం చెప్పే మేడమ్ వార్డు జిమ్మేదారీ కూడా చూస్తుంది. ఇల్మ్ ఒక భవనంలో, అమల్ ఇంకో భవనంలో ఉండవు. ఆ కాలేజీ నర్సులకు చుట్టుపక్కల ఊళ్ళలో సొంతంగా కమ్యూనిటీ పని ఉంది. వెల్లూరు వెళ్ళొచ్చినవాళ్ళు "అక్కడ చెప్పి పంపిస్తారు భాయ్" అంటుంటారు కదా, ఆ చెప్పి పంపించడం వెనక ఇంత ఉంది.

మరి మనకేం కావాలి? బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, 22 వారాలు. ఊరి క్లినిక్ పనికి ఒకప్పుడు విడిగా ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయించేవాళ్ళు, ఇప్పుడు ఆ పాఠం డిగ్రీలోనే కలిసింది. అంటే సమయమూ ఉంది, సిలబసూ ఉంది. ఆ 22 వారాల్లో ప్రతి విద్యార్థికీ డిశ్చార్జి అవుతున్న నలుగురైదుగురు రోగుల్ని అప్పగించండి. వాళ్ళ ఊరి ఎంఎల్‌హెచ్‌పీకి డిశ్చార్జి రోజే ఫోను చెయ్యాలి. ఏ మందు ఆపారు, ఏది కొత్తగా ఇచ్చారు, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా రావాలి అన్నది ఒక్క పేజీలో తెలుగులో రాసి ఇవ్వాలి. ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో చెప్పి ఊరుకోకుండా రోగి చేత, ఇంట్లో తీమార్‌దారీ చేసే మనిషి చేత చేయించి చూడాలి. రెండో రోజు, ఏడో రోజు ఫోను చెయ్యాలి. ఒక్కసారైనా ఊరికి వెళ్ళి ఎంఎల్‌హెచ్‌పీతో కలిసి ఇల్లు చూడాలి. ఆ కాగితం మీద వార్డు సిస్టర్ సంతకం, కాలేజీ మేడమ్ సంతకం రెండూ ఉండాలి. రెండు సంతకాలు లేకపోతే జవాబుదారీ ఎవరిదో తేలదు. ఊరి నర్సు తిరిగి వార్డుకు ఫోను చేస్తే ఎత్తే మనిషి ఎవరో కూడా అందులోనే రాసి ఉండాలి.

ఇది విని నర్సింగ్ పిల్లలు నవ్వుతారని తెలుసు. ఇప్పటికే వార్డుల్లో సిబ్బంది కొరతను పూడ్చేది వాళ్ళే. ప్రాక్టికల్స్ పేరుతో ఉచిత చాకిరీ చేయిస్తున్నారన్న వాళ్ళ ఆవేదన నిజమే. అందుకే ఇది ఇప్పుడున్న డ్యూటీ మీద అదనపు భారం కాకూడదు. దుప్పట్లు సర్దే గంటల్లోంచి ఈ గంటలు తియ్యాలి. దీనికి మార్కులుండాలి, ఊరికి వెళ్ళొచ్చే బస్సు ఖర్చు కాలేజీ ఇవ్వాలి, ఆడపిల్లను ఒంటరిగా పంపకూడదు. ఎంఎల్‌హెచ్‌పీకి కూడా ఇంకో యాప్ కట్టబెట్టకండి. ఉన్న యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికే సగం పొద్దు గడిచిపోతోంది పాపం.

ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెట్టాలని కేంద్రం అదే ఏడాది నిర్ణయించింది. నర్సింగ్ కాలేజీలకు అనుబంధం ఇచ్చే ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. విశ్వవిద్యాలయానికి జిల్లా సరిహద్దులుండవు. ఆగిరిపల్లి ఖబర్ జిల్లా గీత దాటించగలిగిన సంస్థ ఏదైనా ఉందంటే అదే. నూజివీడు ఏరియా ఆసుపత్రినీ, ఒకటి రెండు కాలేజీలనూ, ఆగిరిపల్లి మండలం విలేజ్ క్లినిక్‌లనూ కలిపి ఒక మామిడి సీజన్ పాటు చేసి చూడమనండి. ఎంతమంది మళ్ళీ చేరారో ముందూ తర్వాతా లెక్క వెయ్యమనండి.

ఇక మన ఇంటి మాట. మీలాద్ జల్సాల్లో హజ్రత్ రుఫైదా అల్ అస్లమియా (రజి.) పేరు వింటాం. ఖందక్ యుద్ధంలో మస్జిదె నబవీలో ఆమె వేసిన గుడారం, అందులో గాయపడ్డ సాద్ బిన్ ముఆజ్ (రజి.)కి చేసిన ఖిద్మత్ గురించి విని సుబ్హానల్లా అంటాం. ఇంటికొచ్చి అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే "నైట్ డ్యూటీలా, రిష్తాలు రావు" అంటాం. రుఫైదా గుడారం రాత్రి పూట మూసేసేవారా? విజయవాడ వన్ టౌన్‌లోనో నూజివీడు మొహల్లాలోనో ఒక ముసలావిడకు "ఇన్సులిన్ తీసుకుని తినకుండా పడుకోవద్దు" అని మన జబాన్‌లో చెప్పే నర్సు ఉంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో లెక్క వేసుకోండి.

రంజాన్ సంగతి ఇంకా సున్నితం. షుగరున్నవాళ్ళు రోజాకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యులను కలిసి మందుల వేళలు, మోతాదులు మార్చుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మనవాళ్ళు అడగరు. అడిగితే "రోజా వద్దు" అంటారని భయం. చెప్పకుండా ఉంటారు, మందు వాళ్ళే సహరీకి ఒకటీ ఇఫ్తార్‌కు ఒకటీ అని పంచుకుంటారు. రజబ్ నెలలోనే మన వీధిలోని షుగర్ మరీజ్‌ల పేర్లు రాసి పట్టుకుని డాక్టరుతో మాట్లాడే పని విలేజ్ క్లినిక్ నర్సు చెయ్యగలదు. ఆమె చెయ్యాలంటే ఎవరికి ఇన్సులిన్ మొదలుపెట్టారో ఆమెకు తెలియాలి. మళ్ళీ అదే గేటు దగ్గరికి వచ్చాం.

ప్రభుత్వాసుపత్రులకు అభివృద్ధి సంఘాలుంటాయి. వాటిలో స్థానిక ప్రజాప్రతినిధులు కూర్చుంటారు. ఎన్నికలప్పుడు మన మొహల్లాలకు వచ్చి చాయ్ తాగి వెళ్ళేవాళ్ళే. ఈసారి వచ్చినప్పుడు షాదీఖానా గురించి అడగండి, వద్దనను. దాంతో పాటు నూజివీడు ఆసుపత్రి సంఘం మీటింగ్‌లో ఈ ఒక్క సవాల్ వెయ్యమని చెప్పండి: నిన్న డిశ్చార్జి అయిన మనిషి సంగతి అతని ఊరి నర్సుకు ఎవరు చెప్పారు, ఏ గంటకు చెప్పారు? జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ పేజీ ఫొటో తెచ్చి మనకు చూపించమనండి.