ఇంటి రిజిస్ట్రేషన్ ఖర్చు: దస్తావేజులో ధర తగ్గిస్తే ఎవరికి లాభం?

హైదరాబాదు: స్థిరాస్తుల మార్కెట్ విలువలను ప్రభుత్వం సవరించనున్నదన్న వార్త వెలువడిన ప్రతిసారీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల ముందు ఒకే దృశ్యం కనిపిస్తున్నది. కొత్త విలువలు అమలులోకి రాకముందే దస్తావేజు పూర్తిచేసుకోవాలని కొనుగోలుదారులు బారులు తీరుతారు. తెలంగాణలో 2021 జూలై 22న, ఆ తర్వాత 2022 ఫిబ్రవరి 1న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న అమలైన సవరణల సందర్భంగా ‘ఇంటి కొనుగోలుదారులపై భారం’ అన్న మాట విస్తృతంగా వినిపించింది. ఈ మాటలో సగమే నిజమున్నది. చెల్లించిన ధరను దస్తావేజులో పూర్తిగా చూపే కొనుగోలుదారుపై మార్కెట్ విలువల సవరణ ప్రభావం సాధారణంగా ఉండదు. అతనిపై ప్రభావం చూపేది సుంకం రేటు. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోవడం వల్లనే చర్చ దారి తప్పుతున్నది.

రిజిస్ట్రేషన్ సమయంలో చెల్లించే మొత్తంలో ప్రధానంగా మూడు భాగాలున్నవి. మొదటిది 1899 నాటి భారత స్టాంపుల చట్టం కింద వసూలయ్యే స్టాంపు సుంకం. ఇంటి విక్రయ దస్తావేజు వంటి పత్రాలపై రేటు నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలోని 63వ అంశం ద్వారా రాష్ట్రాలకు ఇచ్చింది. రెండవది బదిలీ సుంకం. దీనిని రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసినప్పటికీ ఇది ఆస్తి ఉన్న గ్రామ పంచాయతీకి, పురపాలక సంఘానికి లేదా నగరపాలక సంస్థకు చెందవలసిన సొమ్ము. మూడవది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద దస్తావేజును నమోదు చేసినందుకు తీసుకొనే రుసుము. వీటికి తోడు యూజర్ ఛార్జీలు, మ్యుటేషన్ రుసుము వంటి చిన్న మొత్తాలు ఉంటాయి.

తెలంగాణలో 2021 జూలై వరకు స్టాంపు సుంకం 4 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము అర శాతం, మొత్తం 6 శాతంగా ఉండేది. ఆ నెల 22 నుంచి స్టాంపు సుంకాన్ని 5.5 శాతానికి పెంచడంతో మొత్తం 7.5 శాతమయింది. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రుసుము 1 శాతం. అక్కడ కూడా మొత్తం 7.5 శాతమే. 60 లక్షల రూపాయల ఫ్లాటుపై ఈ లెక్కన రూ. 4.50 లక్షలు చెల్లించవలసి ఉంటుంది. అందులో స్థానిక సంస్థ వాటా రూ. 90 వేలు. వేరే ఒప్పందం లేనప్పుడు విక్రయ దస్తావేజుపై స్టాంపు ఖర్చు కొనుగోలుదారుదేనని స్టాంపుల చట్టం 29వ సెక్షన్ చెబుతున్నది.

రెండు విలువల మధ్య అంతరం

సుంకాన్ని దస్తావేజులో చూపిన ప్రతిఫలం, మార్కెట్ విలువల పట్టికలోని విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై లెక్కిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రూపొందిన మార్కెట్ విలువల సవరణ నియమావళి ప్రకారం పట్టణ ప్రాంతాల్లో ఏటా, గ్రామీణ ప్రాంతాల్లో రెండేళ్లకొకసారి ఆగస్టు 1 నుంచి సవరించిన విలువలు అమలు కావాలి. అదే సంవత్సరం నవంబరు 4న ‘కార్డ్’ పథకం కింద సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల కంప్యూటరీకరణ ప్రారంభమయింది. అంతకుముందు అధికారి బీరువాకు, దస్తావేజు లేఖరి జ్ఞాపకానికి పరిమితమైన విలువలు క్రమంగా ప్రజలకు అందుబాటులోకి వచ్చినవి.

అయితే నియమావళిలోని కాలపరిమితిని పాటించడం వేరే సంగతి. తెలంగాణలో 2013 తర్వాత 2021 వరకు విలువల సవరణ జరుగలేదు. ఈ ఎనిమిదేళ్లలో హైదరాబాదు పరిసరాల్లో ధరలు ఎంత పెరిగినవో పాత్రికేయులకు చెప్పనక్కరలేదు. ఏటా కొద్దికొద్దిగా జరుగవలసిన సవరణ ఆగిపోయి ఒక్కసారిగా జరిగినప్పుడు, దానితోపాటు రేటు కూడా పెరిగినప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది. పట్టిక విలువ రూ. 30 లక్షలు ఉన్న ఫ్లాటుపై 6 శాతం చొప్పున రూ. 1.80 లక్షలు చెల్లించేవారు. విలువ 20 శాతం పెరిగి 36 లక్షలయి, రేటు 7.5 శాతమయితే చెల్లింపు రూ. 2.70 లక్షలు. అంటే భారం ఒక్కసారిగా 50 శాతం పెరిగినట్లు. ఇదే ఫ్లాటును నిజంగా 60 లక్షలకు కొని అంతే మొత్తాన్ని దస్తావేజులో చూపిన వ్యక్తికి పెంపు రూ. 3.60 లక్షల నుంచి రూ. 4.50 లక్షలకు, అంటే 25 శాతం మాత్రమే. అది కూడా పూర్తిగా రేటు పెంపు వల్ల వచ్చినదే. సవరణ తాకినది అసలు ధరకు, చూపిన ధరకు మధ్య గల అంతరాన్ని. క్రమబద్ధమైన వార్షిక సవరణకు ఇంతకంటె బలమైన సమర్థన అవసరం లేదు.

ఆదా అయిన లక్షన్నర

ఇక ధర తగ్గించి చూపడం వల్ల కొనుగోలుదారుకు నిజంగా ఎంత మిగులుతుందో పరిశీలించడం అవసరం. 60 లక్షలకు కొన్న ఫ్లాటును పట్టిక విలువ ప్రకారం 40 లక్షలకే రిజిస్టరు చేశారనుకుందాం. సుంకం, రుసుము కలిపి రూ. 3 లక్షలు. అంటే ఆదా రూ. 1.50 లక్షలు.

ఈ ఆదాను మొదట దెబ్బతీసేది గృహరుణం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలకు మించి 75 లక్షల వరకు గల గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించరాదు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఖర్చులను, చౌకధర ఇళ్లకు ఇచ్చిన మినహాయింపు తప్ప, ఆ విలువలో కలుపరాదు. పూర్తి ధర చూపితే 48 లక్షల వరకు రుణానికి అవకాశమున్నది. అప్పుడు సొంతంగా సమకూర్చుకోవలసినది 12 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు నాలుగున్నర లక్షలు, వెరసి పదహారున్నర లక్షలు. ధర 40 లక్షలుగా చూపితే రుణం 32 లక్షలకు పడిపోతుంది. మిగిలిన 28 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 3 లక్షలు, మొత్తం 31 లక్షలు చేతి నుంచి పెట్టాలి. అందులో 20 లక్షలు లెక్కలో చూపని నగదు. జీతంపై ఆధారపడిన కుటుంబం ఇంత నగదును బంగారం తాకట్టు పెట్టో, వడ్డీ వ్యాపారి వద్దో తెచ్చుకుంటే, ఆదా అయిన లక్షన్నర ఎన్ని నెలల వడ్డీకి సరిపోతుందో లెక్కించుకోవచ్చు. పైగా స్థిరాస్తి క్రయవిక్రయాల్లో 20 వేల రూపాయలు, అంతకుమించిన నగదు స్వీకరణను ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది. ఉల్లంఘించి తీసుకున్నవారిపై అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

రెండవ నష్టం వెంటనే కనిపించదు. తక్కువ ధర చూపాలన్న పట్టుదల తరచుగా అమ్మకందారుదే. చూపని 20 లక్షలపై అతనికి మూలధన లాభాల పన్ను తప్పుతుంది. ఆ పన్ను మాయం కాదు, కొనుగోలుదారు ఖాతాకు మారుతుంది. కొన్నేళ్ల తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు అతని కొనుగోలు ధరగా 40 లక్షలనే పరిగణిస్తారు. తాను నిజంగా చెల్లించిన 20 లక్షలు కూడా లాభంగా లెక్కకు వస్తాయి. 2024 జూలై 23 నుంచి అమలులోకి వచ్చిన 12.5 శాతం దీర్ఘకాలిక రేటు ప్రకారం దీనిపై పన్ను రూ. 2.50 లక్షలు, సర్‌ఛార్జీ, సెస్సు అదనం. మరో ఇల్లు కొని మినహాయింపు పొందితే తప్ప ఇది తప్పదు. చెల్లించిన స్టాంపు సుంకం కూడా కొనుగోలు వ్యయంలో భాగమే కనుక, నాడు మిగుల్చుకున్న లక్షన్నర నేడు వ్యయంగా చూపుకొనే అవకాశం కూడా ఉండదు. లక్షన్నర కోసం అమ్మకందారు పన్నును తన నెత్తిన వేసుకోవడం వ్యవహారజ్ఞానం అనిపించుకోదు.

పట్టిక కంటె తక్కువకు కొన్నప్పుడు

నిజంగానే పట్టిక విలువకంటె తక్కువ ధరకు ఆస్తి లభించే సందర్భాలు లేకపోలేదు. దారి లేని స్థలం, శిథిలమైన కట్టడం, తొందరగా అమ్ముకోవలసి వచ్చిన కుటుంబం ఇందుకు ఉదాహరణలు. అట్టి కొనుగోలుదారు పట్టిక విలువకు తలవంచనవసరం లేదు. స్టాంపుల చట్టం 47-ఎ సెక్షన్ కింద దస్తావేజును విలువ నిర్ణయం కోసం కలెక్టరు అధికారాలు గల అధికారికి నివేదించవలసిందిగా కోరవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో చేసిన సవరణ ప్రకారం ఇందుకు సబ్ రిజిస్ట్రారు లెక్కగట్టిన లోటు సుంకంలో సగం ముందుగా డిపాజిట్ చేయాలి. ఈ షరతు వల్లనే కాబోలు, ఈ హక్కును గురించి తెలిసినవారు సైతం దాని జోలికి పోవడం లేదు. ఆదాయపు పన్ను చట్టంలోనూ ఒక వెసులుబాటు ఉన్నది. దస్తావేజు ధర, స్టాంపు విలువల మధ్య తేడా 10 శాతానికి లోబడి ఉంటే దానిని పట్టించుకోరు. దాటితే అమ్మకందారుకు లాభంగా, కొనుగోలుదారుకు ఇతర ఆదాయంగా ఇద్దరి వద్దా పన్ను విధించే అవకాశమున్నది.

మార్కెట్ విలువల పట్టిక సుంకానికే పరిమితమైన పత్రం కాదు. పట్టిక విలువలకు భూసేకరణ పరిహారం విషయంలో ప్రామాణికత లేదని ఆదిలాబాదు రెవెన్యూ డివిజనల్ అధికారికి సంబంధించిన జవాజీ నాగనాథం కేసులో సుప్రీంకోర్టు 1994లో తీర్పు ఇచ్చింది. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ పరిస్థితిని మార్చింది. స్టాంపుల చట్టం కింద నిర్ణయించిన విలువ, సమీపంలో గడచిన మూడేళ్లలో రిజిస్టరయిన దస్తావేజుల్లో ఎక్కువ ధర గల సగం దస్తావేజుల సగటు, అంగీకార పరిహారం, వీటిలో ఏది ఎక్కువైతే దానినే మార్కెట్ విలువగా తీసుకోవాలి. దానిపై నూరు శాతం సొలేషియం కలుపుతారు. అంటే దస్తావేజుల్లో దాచిన ప్రతి రూపాయికి పరిహారంలో రెండు రూపాయలు తగ్గే ప్రమాదమున్నది. పదేళ్లుగా ఊరంతా తక్కువ ధరలకు రిజిస్టరు చేయించుకొని, రహదారికో జలాశయానికో భూమి పోయేనాడు అసలు ధర కోరితే, సేకరణ అధికారి ముందు ఉంచడానికి ఆధారం ఉండదు. నష్టపోయేది ధర దాచినవారు మాత్రమే కాదు, పక్క సర్వే నంబరులో ఎన్నడూ అమ్మని, కొనని రైతు కూడా.

ఇతర చెల్లింపులు, గడువులు

నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై వస్తు సేవల పన్ను అదనం. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇది 5 శాతం. ధర 45 లక్షల లోపు ఉండి, కార్పెట్ వైశాల్యం హైదరాబాదు వంటి మహానగరాల్లో 60, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల 90 చదరపు మీటర్లకు మించకపోతే 1 శాతం. పూర్తయినట్లు ధ్రువపత్రం జారీ అయిన తర్వాత కొంటే ఈ పన్ను లేదు. మొత్తం ధర 50 లక్షలు లేదా అంతకుమించితే కొనుగోలుదారు అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములో 1 శాతం మినహాయించి కేంద్రానికి జమ చేయాలి. ఇది అదనపు ఖర్చు కాదు, మరచిపోతే మాత్రం వడ్డీ, జరిమానా కొనుగోలుదారువే. అమ్మకందారు విదేశంలో నివసిస్తుంటే ఈ 1 శాతం నియమం, 50 లక్షల పరిమితి వర్తించవు, మినహాయింపు అంతకంటె చాలా ఎక్కువ. అమెరికాలో స్థిరపడిన వారి ఆస్తులు తరచుగా చేతులు మారే హైదరాబాదులో ఈ సంగతి ఒప్పందానికి ముందే తేలవలసినది.

సుంకం తప్పించుకోవడానికి సాధారణ అధికారపత్రం, నోటరీ ఒప్పందంతో సరిపెట్టుకొనే పద్ధతికి సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో తెర దించింది. అట్టి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదు. అలాగని రిజిస్ట్రేషన్ యాజమాన్యానికి హామీ కూడా కాదు. సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది లావాదేవీని మాత్రమే. ఈసీతోపాటు లింకు దస్తావేజులను, 22-ఎ సెక్షన్ కింద ప్రకటించిన నిషేధిత ఆస్తుల జాబితాను చలానా కట్టకముందే పరిశీలించుకోవాలి.

దస్తావేజుపై సంతకమైన నాటి నుంచి నాలుగు నెలల్లోగా దానిని రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. అనివార్య కారణాలున్నచో మరో నాలుగు నెలల వరకు, రిజిస్ట్రేషన్ రుసుముకు పదిరెట్లకు మించని జరిమానాతో అనుమతించే అధికారం జిల్లా రిజిస్ట్రారుకు ఉన్నది. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో 22 కార్యాలయాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన స్లాట్ బుకింగ్ విధానంలో కొనుగోలుదారులు ముందుగా సమయం నిర్ణయించుకొని కార్యాలయానికి రావచ్చు.