సగం ఇమ్మన్నారు... ఇవ్వనంది!

'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' అనే ఇంగ్లీషు పాట మీ చెవిన పడే ఉంటుంది. 1992లో వచ్చిన 'ది బాడీగార్డ్' సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడింది. అమెరికాలో 14 వారాలపాటు మొదటి స్థానం నుంచి కదల్లేదు. ఇంగ్లీషు పాటలు వినే పిల్లలుంటే ఎప్పుడో ఒకసారి మీకూ వినిపించే ఉంటారు. అది విట్నీ పాటే అనుకుంటారు చాలామంది. కానీ దాన్ని రాసిందీ, బాణీ కట్టిందీ, ఆమెకంటే 18 ఏళ్ళ ముందే పాడిందీ వేరొకావిడ. పేరు డాలీ పార్టన్. ఆ పాట మీద తన హక్కు పోకుండా ఆవిడ ఎలా కాపాడుకుందో తెలిస్తే, ఇంగ్లీషు పాటలతో పనిలేని మనకి కూడా 'ఔరా!' అనిపిస్తుంది.

డాలీ 1946 జనవరి 19న అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో, కొండప్రాంతంలో పుట్టింది. ఇంట్లో 12 మంది పిల్లలు. ఈమె నాలుగోది. పురుడు పోసిన డాక్టరుకి ఇవ్వడానికి చేతిలో డబ్బులేక, తండ్రి ఒక బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చి పంపాడట! ఆయన పొగాకు పండించే రైతు. చదవడం, రాయడం రాదు. అయినా నాన్నంత తెలివైన మనిషిని తను చూడలేదనే అంటుంది కూతురు.

తల్లి సంగతి చెప్పాలంటే కోటు కథ చెప్పాలి. మనం పాత చీరల ముక్కలు కలిపి బొంత కుట్టుకోమూ? అలాగే రంగురంగుల గుడ్డపేలికలు ఏరి, ఆ తల్లి పిల్లకి కోటు కుట్టింది. డాలీ మురిసిపోతూ బడికి వేసుకెళ్తే తోటిపిల్లలు పకపకా నవ్వారు. ఆ అవమానం ఆమె మనసులోనే ఉండిపోయింది. పెద్దయ్యాక ఒకనాడు ప్రయాణంలో ఉండగా అది పాటై వచ్చింది. చేతికి కాగితం దొరక్క, బట్టలుతికించిన రసీదు వెనకాల రాసుకుంది. 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' పేరుతో 1971లో వచ్చిన ఆ పాట అంటే ఆమెకి ఇప్పటికీ ప్రాణం.

అక్కడి పల్లెల్లో పుట్టిన పాటల్ని కంట్రీ సంగీతం అంటారు. గిటారు, బాంజో, ఫిడేలు పెట్టుకుని ఇంటి ముచ్చట్లు, కష్టసుఖాలు పాడుకోవడం అన్నమాట. ఆ సంగీతానికి పుట్టిల్లు లాంటి ఊరు నాష్‌విల్. 1964లో హైస్కూలు చదువు ముగిసిన మర్నాడే డాలీ పెట్టె సర్దుకుని ఆ ఊరు చేరింది. చేరిన రోజే బట్టలుతుక్కునే దుకాణం దగ్గర కార్ల్ డీన్ అనే యువకుడు కలిశాడు. 1966లో పెళ్ళయింది. ఆయన రోడ్లు వేసే పని చేసుకుంటూ, భార్య ఎంత పేరు తెచ్చుకున్నా తను మాత్రం కెమెరాల ముందుకి రాకుండా ఉండిపోయాడు. 2025 మార్చిలో ఆయన కన్నుమూసేదాకా ఆ కాపురం చెక్కుచెదరలేదు.

1967లో పోర్టర్ వాగనర్ అనే పేరున్న గాయకుడు తన టీవీ కార్యక్రమంలోకి డాలీని తీసుకున్నాడు. దాంతో ఇంటింటా తెలిసిన మనిషైంది. ఏడేళ్ళు గడిచాయి. ఇక తన దారిన తను వెళ్ళాలనుకుంది. ఆయన ససేమిరా అన్నాడు. ఎంత చెప్పినా వినిపించుకోకపోతే ఏం చేస్తుంది? ఇంటికెళ్ళి, 'మీ మీద అభిమానం ఎప్పటికీ పోదు, కానీ వెళ్ళక తప్పదు' అనే అర్థం వచ్చేలా ఒక పాట రాసుకుని వచ్చి ఆయన ముందే పాడింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని సరేనన్నాడు. మనం మొదట చెప్పుకున్న పాట అదే! 1974లో విడుదలై కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి వెళ్ళింది.

అప్పుడొచ్చింది కబురు. ఆ పాటని ఎల్విస్ ప్రెస్లీ పాడతాడట! ఆయన పేరు చెబితే అమెరికా ఊగిపోయే రోజులవి. డాలీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తీరా రికార్డింగు దగ్గరపడ్డాక ఎల్విస్ వ్యవహారాలు చూసే కల్నల్ పార్కర్ అసలు మాట బయటపెట్టాడు. ఎల్విస్ పాడాలంటే ప్రచురణ హక్కులో సగం తమకి రాసివ్వాలన్నాడు.

ఈ హక్కేమిటంటారా? రికార్డు అమ్ముడైనప్పుడల్లా, రేడియోలో పాట వచ్చినప్పుడల్లా హక్కుదారుకి కొంత సొమ్ము వస్తుంది. పొలం మీద ఏటేటా కౌలు వచ్చినట్టన్నమాట. అందులో సగం ఇవ్వడమంటే సగం పొలం రాసివ్వడమే. డాలీకి పచ్చి వెలక్కాయ గొంతున పడ్డట్టయింది. ఇస్తే అంతటి గాయకుడు తన పాట పాడతాడు. ఇవ్వకపోతే ఆ అవకాశం మళ్ళీ రాదు. చుట్టూ ఉన్నవాళ్ళు పిచ్చిపని చేయొద్దన్నారు. కానీ ఆమె ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉందట. ఏడ్చింది గానీ మాట మార్చుకోలేదు. ఎల్విస్ ఆ పాట రికార్డు చెయ్యకుండానే 1977లో చనిపోయాడు.

ఆ తర్వాత ఏమైంది? 1982లో ఒక సినిమా కోసం డాలీ అదే పాట మళ్ళీ పాడితే మళ్ళీ మొదటి స్థానం వచ్చింది. 1992లో విట్నీ పాడేసరికి ఇక చెప్పేదేముంది, హక్కు దగ్గరుంచుకున్న చేతికే ఫలితం దక్కింది.

ఈలోగా 1980లో ఆఫీసు ఉద్యోగినుల అగచాట్ల మీద తీసిన 'నైన్ టు ఫైవ్' సినిమాలో నటించి, దానికి పాట కూడా రాసింది. టైప్‌రైటర్ చప్పుడు కోసం తన గోళ్ళనే టకటకలాడించి బాణీ కట్టుకుంది! ఆ పాట పల్లెపాటల హద్దు దాటి దేశమంతా మోగింది. 1986లో సొంత జిల్లాలోనే 'డాలీవుడ్' అనే వినోద ఉద్యానం పెట్టి, అక్కడివాళ్ళకి పనులు కల్పించింది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. తండ్రికి చదువు రాలేదన్న బాధతో 1995లో 'ఇమాజినేషన్ లైబ్రరీ' మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి అయిదేళ్ళు వచ్చేదాకా పిల్లల పేరు మీద నెలకో పుస్తకం పోస్టులో ఇంటికే వస్తుంది. పైసా కట్టక్కర్లేదు. తన ఒక్క జిల్లా పిల్లలతో మొదలైన ఆ పని దేశాలు దాటి, 2018 నాటికి 10 కోట్ల పుస్తకాలు, 2023 నాటికి 20 కోట్లు దాటింది. పిల్లలు ఆమెను 'పుస్తకాలావిడ' అని పిలుస్తుంటే ఆ తండ్రి పొంగిపోయేవాడట.

ఇంతకీ ఈ కథ మనకెందుకంటారా? మనలో పాటలు రాసేవాళ్ళు తక్కువే కావచ్చు. కానీ ఆవకాయ పట్టి కొట్టుకిచ్చేవాళ్ళున్నారు, సీసా మీద పేరు మాత్రం ఇంకొకరిది. జాకెట్లు కుట్టి ఇచ్చేవాళ్ళున్నారు, లెక్క రాసేది వేరొకరు. చీటీకి జామీను అనో, పొలం కాగితం అనో ఎవరో ముందు పెడితే, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని వేలు చూపిన చోట సంతకం పెట్టేవాళ్ళం బోలెడంత మందిమి. అయినవాళ్ళే కదా, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం!

డాలీ ఎవరితోనూ పోట్లాడలేదు. ఎల్విస్‌ని ఒక్క మాట అనలేదు. అది ఏం కాగితమో తెలుసుకుంది, ఇస్తే ఏం పోతుందో లెక్క వేసుకుంది, వద్దంది. ఈసారి మీ ముందుకి కాగితం వస్తే కాస్త ఆగండి. మీరు చదవండి, లేకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. ఒక నకలు దగ్గరుంచుకోండి. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతే పోనివ్వండి, మళ్ళీ కాచుకోవచ్చు. పెట్టిన సంతకం మాత్రం వెనక్కి రాదు కదండీ!