ఫొటో తర్వాత ఏమిటి?

1925లో హెలెన్ కెల్లర్ ఇచ్చిన పిలుపుతో లయన్స్ క్లబ్బులు కంటిచూపు కాపాడటాన్ని తమ పనిగా ఎంచుకున్నాయి. మహబూబ్‌నగర్‌లోని లయన్స్ కంటి ఆసుపత్రి ఆ పరంపరలోదే. రోటరీ 1985లో పోలియో మీద పట్టుబట్టి కూర్చుంది. ప్రభుత్వాలతో, ఆరోగ్య సిబ్బందితో కలిసి చేసిన ఆ కృషికి ఫలితంగా 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం దక్కింది. ఒకే పనిని ఏళ్ల తరబడి వదలకుండా చేస్తేనే సేవ నిలుస్తుంది. పండ్లు, దుప్పట్ల పంపిణీ చాలాసార్లు ఫొటోతోనే ముగుస్తుంది. పాలమూరు, నల్లగొండ క్లబ్బులు సేకరించే ప్రతి రూపాయికీ ఈ నిలకడే గీటురాయి కావాలి.

వైద్యం సర్కారు బాధ్యత కదా అనేవారున్నారు. నిజమే, 2018లో మొదలైన కంటి వెలుగు పథకం కింద తెలంగాణ ప్రభుత్వమే ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చింది. అయినా కొడుకులు ముంబై, పుణెలకు వలసపోయిన తండాలో ఒంటరి ముసలమ్మను శుక్లాల ఆపరేషన్‌కు తీసుకెళ్లేదెవరు? తిరిగొచ్చాక పూటపూటా చుక్కలు వేసేదెవరు? అక్కడ చెక్కు కన్నా మనిషి అవసరం. పేరు రాకపోతే దాతలు ముందుకు రారన్నది మరో వాదన. శిలాఫలకంపై పేరు వేయించుకోనివ్వండి, తప్పులేదు. ఆ శిలాఫలకం పక్కనే జమాఖర్చుల పట్టికా వేలాడాలి. వచ్చే ఏడాది చందా అడగడానికి అంతకు మించిన సిఫారసు ఉండదు.