నడుమ మానిన క్షయమందు

మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దనివారు మన పెద్దలలో అరుదు. ఆ పలకరాతిని కోసి నునుపుచేయునపుడు లేచు దుమ్ము పనివాండ్ర ఊపిరితిత్తులలో పేరుకొని వానిని చెడగొట్టును. అట్టి ఊపిరితిత్తులు క్షయక్రిమికి సులభముగా లోబడును. కావున ఈ వ్యాధి మనకు పరాయిది కాదు.

మదనపల్లె చెంత మిషనులు కలిసి నెలకొల్పిన ఆరోగ్యవరమున ఒకప్పుడు రోగికి ఇయ్యగలిగినది ముఖ్యముగా మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. పిదప బ్రిటనులో జరిపిన పరీక్షలో, ఆ మందు పుచ్చుకొన్న 55 మందిలో ఆరు నెలలకు 4గురును, పుచ్చుకొనని 52 మందిలో 14 మందియు మరణించిరి. లోకము సంతోషించెను. కాని ఐదేండ్లు గడచుసరికి ఆ తేడా చాలవరకు చెరిగిపోయెను. మందునకు లొంగని క్రిములు రోగులలో ప్రబలియుండెను.

క్రిములు మందునకు అలవాటుపడునని జనులందురు, అది సరికాదు. ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి పది లక్షలలో ఒకటియు, రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటియు మందు తగులకముందే ఉండునని అంచనా. ఒక్క మందే ఇచ్చినచో తక్కినవన్నియు చచ్చి ఆ మొండిదే సంతానమును పెంచుకొనును. రెండును కలిపి ఇచ్చినచో రెంటికిని లొంగనిది దొరకుట మిక్కిలి దుర్లభము. ఇందుచేతనే మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు ఇచ్చుచున్నారు. దగ్గు రెండవ నెలకే తగ్గవచ్చును. కాని మందకొడిగా పెరుగు క్రిములు లోపల దాగియుండును.

1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధనవలన, ఇంటనుండి మందు తినువారును శానిటోరియములోనివారివలెనే స్వస్థులగుదురని 1959లో తేటపడెను. పేదలకిది గొప్ప మేలు. అయితే ఏ ఇంట? మార్కాపురము, గిద్దలూరు మెట్టసీమలో వాన తప్పిన యేట కుటుంబములు గుంటూరునకో హైదరాబాదునకో పనికై తరలిపోవును. మందు ఇక్కడి ఆసుపత్రిలో, రోగి అక్కడి ఇటుకబట్టీలో!

ఇట్టివానిని అజ్ఞానియని నిందించుట చదువుకొన్నవారికి సులభము. నేను ఒప్పుకొనను. కూలి మానినచో పస్తుండవలసినవాడు మందుకొరకు ఊరిలో నిలువలేడు. నిక్షయ్ లెక్కలో పేరెక్కిన రోగిని వేరొక ఊరి ప్రభుత్వ వైద్యశాలకు మార్చు వీలు ఇప్పుడు కలదు. ఆ సంగతి అతనికెవరు చెప్పిరి? ఆడపిల్ల పెండ్లి చెడునని రోగమును దాచు ఇండ్లు మరికొన్ని. అవి దుకాణములో నాలుగు మాత్రలు కొని సరిపుచ్చుకొనును. క్షయమందు అమ్మినవారు వైద్యుని చీటీ వివరములను పుస్తకమున వ్రాసియుంచవలెనను నిబంధన 2014 నుండి అమలులోనున్నది. అయినను, దగ్గునకని తోచిన యాంటీబయాటిక్ ఇచ్చు అలవాటు పోలేదు. వీనిలో కొన్ని మొండిక్షయకు దాచియుంచవలసిన మందులే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండును పనిచేయనినాడు వైద్యుని చేతిలో మిగులునవి అవియే.

విద్యార్థులారా, మీ యింట చదువు వచ్చినది మీకే కావచ్చును. తాతగారి మందుచీటీ చదివి, మాత్రలు లెక్కించి, తప్పిన దినమును పెద్దలకు చెప్పుడు. వైద్యశాలవారిని మేము కోరునది ఒక్కటి: రోగి బస్సెక్కకముందే అతడు చేరబోవు ఊరి పేరడిగి, అచ్చటి వైద్యశాలకు కబురు పంపి, దారి దినములకు సరిపడు మాత్రలు చేతికియ్యవలెను.