పాతబండియా, కొత్తబండియా, సొగసుబండియా?



బండి కొనుట పురుషుల పనియనియు, కొన్న బండిపై వెనుక కూర్చుండుట స్త్రీల పనియనియు మన యిండ్లలో నొక వాడుక పడియున్నది. ఈ మాసము మా యింట జరిగిన చర్చ యీ వాడుకను కొంత కదల్చినది. అది మీకును పనికివచ్చునని తోచి మీ ముందుంచుచున్నాము.

మావారు హుజూరాబాదునకు 18 కిలోమీటర్ల దూరమున నున్న యొక పల్లె పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇన్నాళ్లును బస్సుపై పోయి వచ్చుచుండిరి. ఉదయపు బస్సు వేళ మారినది మొదలు ప్రార్థనవేళకు బడి చేరుట దుర్లభమయ్యెను. అప్పుడే మేము రెండేండ్లుగా కట్టిన చీటీ 80,000 రూపాయలు చేతికి వచ్చెను. అందులో 25,000 మా పెద్దమ్మాయి హనుమకొండ కళాశాల రుసుమునకై యుంచినది. కనుక బండికి మిగిలినది 55,000. కొత్తబండి కొనుటకు చాలదు. ఎవరో వాడిన బండినే కొనవలెను.

చూడగా మూడు బండ్లు దొరికినవి. మూడును స్ప్లెండరులే. మొదటిది జమ్మికుంట పత్తి మార్కెట్టులో పనిచేయు నొక గుమాస్తాది; 2009 నాటిది; వెల 18,000. రెండవది సైదాపూరు రైతు నొకరిది, 2021 నాటిది, వెల 48,000. మూడవది కరీంనగరులో నమ్మకమునకు వచ్చిన ఎక్స్‌టెక్ అను సొగసుబండి, 2023 నాటిది, వెల 70,000.

మా అత్తమ్మ పాతదానివైపు మొగ్గిరి. "పాత ఇనుము గట్టిది బిడ్డా, పైసలు గూడ మిగుల్తయి" అనిరి. మా మరిది సొగసుబండి కావలెననెను. "వదినా, ఫోన్ వస్తే మీటర్ల పేరు కనబడ్తది, తెలుసా?" అని మురిసెను. మావారు మాత్రము మధ్యదానిని చూచి, యేమియు ననక, మా ముఖము చూచిరి. సొమ్ము మాది గదా!

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున సూత్రధారునిచేత పాతకొత్తల తగవును పలికించెను. అది కావ్యముల తగవు. కావ్యమునకు నూనె పోయనక్కరలేదు, బ్రేకును లేదు. మా తగవు తీరుటకు లెక్కలు కావలసివచ్చెను.

ముందుగా వంశము చెప్పెదము. హీరో హోండా కంపెనీవారు స్ప్లెండరును 1994లో బజారునకు తెచ్చిరి. 2004లో స్ప్లెండరు ప్లస్ వచ్చెను. హీరోవారును హోండావారును విడిపోయిన పిమ్మట 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయ్యెను. పేరు మారినను 97.2 సీసీల ఇంజను నిలిచినది. ఎక్స్‌టెక్ 2022లో వచ్చినది; దాని ఇంజనును 97.2 సీసీలదే. ఈ మాట చెప్పగానే మా మరిది కొంచెము చిన్నబోయెను.

ఇక బండి వయస్సు. మన ప్రాంతమున నంబరు పలకయే సగము జాతకము చెప్పును. ఏపీ 15 అనియున్నచో అది 2014లో రాష్ట్రము ఏర్పడుటకు ముందు కరీంనగరున రిజిస్టరయిన బండి. టీఎస్ 02 అనియున్నచో ఆ తరువాతిది. 2024 మార్చి నుండి వచ్చినవి టీజీ 02. సొంతబండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆపై బండిని అధికారికి చూపి, అయిదేసి యేండ్లకు తిరిగి చేయించుకొనవలెను. జమ్మికుంట బండికి ఆ గడువు 2024లోనే తీరినది. గుమాస్తా దానిని తిరిగి చేయించలేదు. 18,000 అను వెలలో ఈ భారము కనబడలేదు.

పాతబండికి గుణములు లేవని మేమనము. దానికి కార్బురేటరు కలదు. ఏ పల్లెలోనైనను చెట్టు క్రింద కూర్చుండు మెకానిక్కు దానిని విప్పి, తుడిచి, బిగింపగలడు. సామానులు చవుక. బ్యాటరీ పడిపోయినను కిక్కు కొట్టి కదలింపవచ్చును. మావారు పోవు త్రోవలో చెడినచో నిది చిన్న మేలు కాదు.

అయినను నూనెలెక్క వేయుడు. పోను 18, రాను 18. దినమునకు 36 కిలోమీటర్లు. బడి యేడాదికి 220 దినములనుకొన్నచో 7,920 కిలోమీటర్లు. అరిగిన పాతబండి లీటరునకు 45 ఇచ్చుచున్నదని గుమాస్తాయే చెప్పెను. అనగా 176 లీటర్లు. రైతుబండి 60 ఇచ్చుచున్నది. అనగా 132 లీటర్లు. తేడా 44 లీటర్లు. మేము లెక్కవేసిన నాటి ధర లీటరు 107 రూపాయలు గావున, ఏడాదికి 4,700 రూపాయల పైమాట. దీనికితోడు నేటి పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్లు కలుపుచున్నారు. పాతబండ్లలోని రబ్బరు గొట్టములు, వాషర్లు కొన్ని దానికి తాళక మార్చవలసివచ్చును. చవుకబేరము నాలుగేండ్లలో చవుకగా నుండదు.

రెండవది 2020 ఏప్రిల్ 1 తరువాతి బండి. ఆ దినము నుండి దేశమంతట భారత్ స్టేజ్ 6 అను పొగ నిబంధన అమలునకు వచ్చినది. అప్పటినుండి ఈ బండ్లలో కార్బురేటరు పోయి, కొలతప్రకారము పెట్రోలు చిమ్ము ఇంజెక్షను వచ్చెను. పొగ తగ్గును, చలికాలపు ఉదయమున సులువుగా కదలును. దోషమును చెప్పవలెను గదా: బ్యాటరీ పూర్తిగా చచ్చినచో కదలదు; లోపల సెన్సరు చెడినచో చెట్టు క్రింది మెకానిక్కు చేయి చాలక, పరికరమున్న షాపునకు తేవలసియుండును. బ్యాటరీని కనిపెట్టి చూచుకొనువారికి ఇది పెద్ద యిబ్బంది కాదు.

మమ్ము నిజముగా దానివైపు త్రిప్పినది బ్రేకు. 2019 ఏప్రిల్ నుండి 125 సీసీల వరకు గల కొత్తబండ్లన్నిటికిని జంటబ్రేకు తప్పనిసరియైనది. కాలితో వెనుకబ్రేకు త్రొక్కినచో ముందుచక్రమును కొంత పట్టును. కరీంనగరు, వరంగల్లు రహదారిపై లారీల నడుమ పోవు వారికి ఈ రెండవ పట్టు ప్రాణముతో సమానము. పాతబండికిది లేదు.

సొగసుబండికి నీ జంటబ్రేకు కలదు. పక్కస్టాండు ఎత్తనిచో ఇంజను ఆగిపోవు ఏర్పాటును కలదు. స్టాండు మరచి పడినవారిని మేమెరుగుదుము గనుక దానిని మెచ్చితిమి. కాని మిగిలిన 22,000 దేనికి? మీటరులో ఫోనుపేరు చూచుటకును, ఫోనునకు చార్జి పెట్టుకొనుటకును. "బండి నడిపేటప్పుడు ఫోన్ చూసుడెందుకు తమ్మీ?" అని యడిగితిమి. అతడు నవ్వెను. ఆ 22,000లో పెద్దభాగము మా బిడ్డ రుసుములో నుండి పోవలసినది.

ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీల వరకు గల బండ్లపై జీఎస్టీ 28 నుండి 18 పాళ్లకు తగ్గెను. అంతకు ముందు హెచ్చుధర యిచ్చి కొన్నవారు ఆ ధరను తలచుకొనియే వాడినబండికి వెల చెప్పుచుందురు. మొదట షాపులో నేటి కొత్తబండి ధర తెలిసికొని, తరువాతనే బేరమునకు కూర్చుండుడు.

మహాభారతమున నలోపాఖ్యానము మీరెరిగినదే. బాహుకుడై యున్న నలుడు బక్కగుర్రములను ఏరగా ఋతుపర్ణుడు శంకించెను. కాని యవియే విదర్భకు చేర్చినవి. ఒంటి నునుపు చూచి మోసపోక, లోని గుణము చూచుటయే ఆ విద్య. మాకు తెలిసిన మెకానిక్కు నొకరిని వెంటబెట్టుకొని సైదాపూరు పోయితిమి. ఆయన మొదట ఇంజనుపై చేయి పెట్టి, చల్లగా నున్నదో లేదో చూచెను. ముందే వేడిచేసి యుంచిన బండి తన జబ్బును దాచునట. పొగ నీలముగా వచ్చినచో నూనె కాలుచున్నదని గుర్తు. ముందు ఫోర్కులపై నూనెచెమ్మ, చైను సాగుదల, టైరు అరుగుదల చూచెను. మీటరులో తక్కువ కిలోమీటర్లుండి, కాలిబెడ్డల రబ్బరు నున్నగా అరిగియున్నచో మీటరును నమ్మరాదనెను. చాసిస్ నంబరును ఆర్.సి.తో అక్షరమక్షరము పోల్చెను. చైనును వెనుకటైరును మార్చవలెననగా, రైతు 2,000 తగ్గించి 46,000కు ఒప్పుకొనెను.

తరువాత మా వంతు వచ్చెను. మేము బండి వెనుకకు పోయి చక్రము చూచితిమి. చీరగార్డు లేదు! అందముగా లేదని రైతుకొడుకు తీసివేసెనట.

మూడేండ్ల క్రిందట శ్రీరామనవమికి ఇల్లందకుంటకు చుట్టమొకరి బండిపై పోవుచు మేము పడిన కథ మీకు చెప్పియుండలేదు. ఆ బండికిని చీరగార్డు లేదు. కొంగు చక్రమున చిక్కి మమ్ము వెనుకకు లాగెను. బండి నెమ్మదిగా పోవుచుండుటచే మోచేతి గాయముతో బయటపడితిమి. ఆ మచ్చ నేటికిని కలదు. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు, 1989లో 123వ నిబంధన యేమనుచున్నదో అప్పుడు మేమెరుగము. వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడియు, కాలు పెట్టుటకు బెడ్డయు, బట్ట చిక్కకుండ వెనుకచక్రమును సగమునకు తగ్గకుండ కప్పు రక్షణయు నుండవలెనని అది విధించుచున్నది. ఇది సింగారము కాదు, మన హక్కు. గార్డు మరల బిగించినగాని బండి తీసికొనమంటిమి. అటకమీద నున్నదానిని తెచ్చి బిగించిరి.

కాగితముల సంగతి తేలికగా విడువకుడు. మా వీధిలో నొకరు బండి నమ్మి, పేరు మార్పించక యూరకుండిరి. కొన్నవాడు చేసిన తప్పులకు చలానాలు ఏడాదిపాటు వీరి ఫోనునకు వచ్చెను. చలానాలతోనే పోయినది గనుక వారు అదృష్టవంతులు. ఆర్.సి.లో పేరున్నవారే ప్రమాదమునకు బాధ్యులని 2018లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణాశాఖకు తెలుపవలెనని చట్టము. బండిపై ఫైనాన్సు అప్పు తీరినదో లేదో, పాత చలానాలు మిగిలియున్నవో లేవో సొమ్ము చేతులు మారకముందే చూచుకొనుడు.

చివరిది ఇన్సూరెన్సు. ఇది మనకు మిక్కిలి ముఖ్యము. చట్టము కోరు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమున్నచో, బండి వెనుక కూర్చున్నవారికి అది వర్తింపదని 2006లో అదే న్యాయస్థానము తేల్చినది. అనగా భర్త వెనుక కూర్చుండు భార్యకు, అన్న వెనుక కూర్చుండు చెల్లెలికి అందులో చోటు లేదు. సమగ్ర పాలసీ తీసికొన్ననే వారికి రక్షణ. వాడినబండ్లు తరచుగా థర్డ్ పార్టీ పాలసీతోనే చేతులు మారును. అడుగనిదే ఎవరును చెప్పరు.

లెక్క ముగింతము. బండికి 46,000, పేరు మార్పునకును సమగ్ర పాలసీకిని 3,000, చైనుకు, టైరునకు 3,800, హెల్మెట్లు రెంటికి 2,000. మొత్తము 54,800. రుసుము సొమ్ము కదలలేదు.

ఆర్.సి. యెవరి పేర నుండవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మావారు "సొమ్ము నీది, పేరును నీదే" అనిరి. వినుటకు సంతోషమాయెను. కాని 15 లక్షల రూపాయల సొంత ప్రమాద బీమా లైసెన్సు గల యజమాని తానే నడుపునప్పుడే వర్తించును. మాకు లైసెన్సు లేదు. దినదినము రోడ్డుపై పోవువారు మావారు. అందుచే వారి పేరనే వ్రాయించి, నామినీ గడిలో మా పేరు వ్రాయించితిమి. ఆ గడి నింపునప్పుడు మా చేయి కొంచెము వణకినది. ఆ కాగితము ఎన్నడును అక్కరకు రాకుండుగాక!

రాత్రి భోజనములవేళ మా పెద్దమ్మాయి "అమ్మా, లైసెన్స్ నువ్వెందుకు తీసుకోవు?" అని యడిగెను. మేము జవాబు చెప్పలేదు. మావారు చెప్పిరి: "ఆదివారం బడి మైదానం ఖాళీగనే ఉంటది."

వచ్చు ఆదివారము చూడవలెను. మీలో బండి నేర్చినవారెవరైనను ఉన్నచో, మొదటిదినమున దేనికి భయపడిరో మాకు వ్రాయుడు.