పంపినంత మాత్రాన చేరినట్లేనా?

మా పెదనాయన స్వహస్తంతో వ్రాసుకొన్న యక్షగానం నోటుపుస్తకం ఒకటి మేళ్లచెరువులో మా ఇంట ఉండేది. నూటపన్నెండు పుటలు. 2019 వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి, పుటపుటకూ ఫోనుతో ఫొటో తీసి, సందేశాల ఆప్ ద్వారా హైదరాబాదులోని నా మిత్రునికి పంపించాడు. "చేరినయారా?" అని అడిగితే, "రెండు నీలిగీతలు వచ్చినయి సార్, చేరినట్టే" అన్నాడు. నేనూ నిశ్చింతగా ఉన్నాను. మరుసటి వర్షాకాలంలో అటక కారి పుస్తకం ముద్దయిపోయింది. వాని ఫోను అంతకుముందే మారిపోయింది. మిత్రుని వద్దనున్న బొమ్మలను తెప్పించి పెద్దవి చేసి చూతును గదా, అక్షరాలన్నీ చెదిరి మసకబారి ఉన్నాయి. ఆ ఆప్ బొమ్మలను కుదించి పంపుతుందట! వకారమో పకారమో తెలియదు. అరసున్నలు సమూలంగా మాయమైనాయి. ద్విపదలలో యతిప్రాసలను బట్టి కొన్ని పూరించగలిగాను కాని, దరువులలో ఆ ఊతం కూడా లేదు.

తప్పు నాదే. అవే బొమ్మలను 'డాక్యుమెంటు'గా జతచేసి ఉంటే కుదించకుండా వెళ్లేవని తరువాత తెలిసింది. నలభై ఏండ్లు పిల్లలకు "వ్రాసింది మళ్లీ చదువుకోండి" అని చెప్పినవాణ్ణి, పంపించింది ఒక్కసారి తెరిచి చూడలేదు.

పాత పుస్తకాల దస్త్రాలను వలలో ఒకచోటి నుండి మరొకచోటికి పంపడం సాంకేతిక నిపుణుల పని అని మనవాళ్ల అభిప్రాయం. నా దృష్టిలో అది లేఖకుని పని. తాటాకు ప్రతులు వ్రాసిన లేఖకులు చివర, చూచినది చూచినట్లు వ్రాశాను, దోషముంటే నన్ను నిందించకండని విన్నవించుకొనేవారు. అంతటితో ఊరుకోలేదు. ముప్పదిరెండు అక్షరాలను ఒక 'గ్రంథం'గా లెక్కగట్టి, మొత్తం గ్రంథసంఖ్య వేసేవారు. కూలి లెక్కకూ అదే, ప్రతిలో ఏమైనా జారిందా అని చూచుకోవడానికీ అదే. బ్రౌను దొర సొంత సొమ్ము వెచ్చించి, జూలూరి అప్పయ్య వంటి పండితులను నియమించి చేయించిన పని కూడా కేవలం ప్రతులు సేకరించడం కాదు; ఒక ప్రతిని మరొక ప్రతితో సరిపోల్చడం.

నేటి కంప్యూటరులోనూ ఈ గ్రంథసంఖ్య ఉన్నది. ఎండీ5 అనే లెక్క ఏ ఫైలుకైనా ముప్పదిరెండు అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక ముద్రను ఇస్తుంది. (ముప్పదిరెండే కావడం కాకతాళీయమే అయినా, నావంటి పండితునికి ముచ్చటగా తోచింది.) ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. కావాలని మోసం చేయదలచినవాడు దానిని ఏమార్చగలడని తేలింది కనుక, షా-256 అనే మరింత గట్టి లెక్క కూడా వాడుతున్నారు. పంపినవాడు తీసిన ముద్ర, అందుకొన్నవాడు తీసిన ముద్ర ఒకటైతేనే చేరినట్లు. విండోసులో ఇందుకు సర్ట్‌యుటిల్ అనే సాధనం ముందునుండే ఉన్నది. రెండు నిమిషాల పని.

ఇంత పట్టింపు ఎందుకంటారా? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏమైనదో గుర్తు చేసుకోండి. మన కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, బెంగుళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలైన కేంద్రాలలో వేలకొలది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పేర్లు రోమను లిపిలో వికారంగా ఉండేవి, కొన్ని పుటలు లేవు, పుటకొక బొమ్మగా తెరుచుకొనేవి. అయినా, గ్రంథాలయం లేని ఊళ్లో ఉన్నవాడికి అది నిక్షేపమే. 2017 నాటికి కాపీహక్కుల చిక్కులతో ఆ తలుపు మూతపడింది. అంతకుముందే కార్ల్ మలముద్ గారి పబ్లిక్ రిసోర్స్ సంస్థ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవుకు చేర్చి ఉండకపోతే, మనకు మిగిలేది సున్న. అక్కడ ఒక్కొక్క పుస్తకపు గుర్తింపులో నేటికీ ఆ పాత చిరునామా అవశేషంగా కనిపిస్తుంది. ప్రతి ఫైలు పక్కన దాని ఎండీ5 ముద్ర కూడా ఉంటుంది. చాలామంది ఆ జాబితాను తెరవనే తెరవరు.

అదీ శాశ్వతమని నమ్మరాదు. 2024 అక్టోబరులో దుండగుల దాడి వల్ల ఆర్కైవు కొన్ని దినాలు మూగబోయింది. నేను ఆ వారమే సురవరం వారి గోలకొండ కవుల సంచిక కోసం వెదుకుతున్నాను.

ఫైళ్లను పంపే పద్ధతికి తొలి రూపకల్పన చేసినవాడు కూడా మన దేశీయుడే. కాన్పూరు ఐఐటీలో చదివిన అభయ్ భూషణ్ గారు 1971 ఏప్రిలులో ఎఫ్‌టీపీ నియమావళిని వ్రాశారు. దానిలో పాఠానికి ఒక మార్గం, బొమ్మలకు ఒక మార్గం. బొమ్మను పాఠమార్గంలో పంపితే పంక్తుల చివరి గుర్తులు మారి ఫైలు పాడవుతుంది. 2021లో క్రోము, ఫైరుఫాక్సు బ్రౌజర్లు ఎఫ్‌టీపీని తొలగించాయి కాని, ఆ పాఠం పాతబడలేదు.

మన లిపికి మరొక చిక్కు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. 'లక్ష్మి' అంటే చూపుకు రెండక్షరాలే. లోపల ఏడు సంకేతాలు, ఇరవైయొక్క బైట్లు. ఫైలు పేరుకు చాలాచోట్ల 255 బైట్లే మితి. కావ్యం పేరు, కవి పేరు, ముద్రణాలయం అన్నీ పేరులోనే ఇరికిస్తే వ్యవస్థ తిరస్కరిస్తుంది. పాత జిప్ మూటలలోనైతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై దిగుతాయి. అందుచేత ఫైలుకు పొట్టి సంఖ్య పెట్టి, వివరాలన్నీ యూనికోడులో వేరొక పట్టికగా పంపడమే మేలని నా మతం. యూనికోడుకు ముందటి ఖతులలో కూర్చిన రచనలైతే, ఖతి లేక చేరితే చేరనట్లే.

ఇక అన్నింటినీ వలలోనే పంపాలనే పట్టుదల కూడా నాకు లేదు. మా ఊరి నుండి నలభై జీబీల స్కాన్లు పంపాలంటే, సెకనుకు ఐదు మెగాబిట్ల వేగంతో పద్దెనిమిది గంటలు కావాలి. కరెంటు పోతే మళ్లీ మొదటికి. తెగిన చోటి నుండి కొనసాగించే ఆర్‌సింక్ వంటివి ఉన్నా, కోదాడలో బస్సెక్కే మనుమని సంచిలో హార్డుడిస్కు పెట్టడం సులువు. కాని అక్కడ దింపుకొన్నాక ముద్రలు సరిచూడనిదే ఇక్కడి ప్రతిని చెరపరాదు.

మా పెదనాయన బృందంలో మద్దెల వాయించిన ఆయన ఇంట్లో అదే యక్షగానానికి మరొక ప్రతి ఉన్నదని ఈ మధ్య తెలిసింది. వారి కోడలితో మాట్లాడాను. శివరాత్రి జాతరకు వచ్చేటప్పుడు తెస్తానన్నది. పుస్తకం చేతికివ్వను, ఎదుట కూర్చుని ఉండగానే తీసుకోండి మామయ్యా అని షరతు పెట్టింది. బల్లమీద పెట్టే స్కానరు ఒకటి అడిగి తెప్పించాను.