పరీక్ష మనకి, మార్కుల జాబితా వాళ్ళకి

నలుగురు తెలుగు సాఫ్ట్‌వేరువాళ్ళు ఒకచోట చేరితే, ఇళ్ళస్థలాల రేట్లూ వీసా కష్టాలూ అయిపోయాక తప్పకుండా వచ్చే చర్చ ఒకటుంది. గవర్నమెంటు బడి మేలా, ప్రైవేటు బడి మేలా? "మేమంతా జిల్లాపరిషత్ హైస్కూల్లో చదివినవాళ్ళమే, పైకి రాలేదా?" అంటారొకరు. "అప్పటి మాస్టార్లు వేరు బాబూ, ఇప్పుడెవరు చెబుతున్నారు పాఠాలు?" అంటారింకొకరు. గంటసేపు వాదించుకున్నా తేలదు. ఎందుకు తేలుతుంది? ఎవరి దగ్గరా లెక్క ఉండదు, అందరి దగ్గరా వాళ్ళ మేనమామ కొడుకు కథ మాత్రం ఒకటుంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ లెక్క ఉంది. అది కూడా ఎక్కడో ఫిన్లాండులో కట్టిన లెక్క కాదు. మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో, మన పిల్లల మీద, నాలుగేళ్ళపాటు ఓపిగ్గా కట్టిన లెక్క. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో మొదలుపెట్టిన పరిశోధన అది. 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయింది. ఆర్థికశాస్త్రంలో అంతకంటే పెద్దపీట ఇంకోటి లేదు.

చేసిన పద్ధతి మనవాళ్ళకి చిటికెలో అర్థమవుతుంది. వెబ్‌సైటులో బటన్ ఎరుపులో ఉండాలా పచ్చగా ఉండాలా అన్నదానికే మనం ఏ/బీ టెస్టు చేస్తాం కదా. వాళ్ళు అదే పని బడి విషయంలో చేశారు. 180 ఊళ్ళు తీసుకున్నారు. గవర్నమెంటు బడిలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల్ని "ఫీజు మేం కడతాం, ప్రైవేటు బడికి పంపుతారా?" అని అడిగారు. ఊళ్ళని లాటరీ తీసి సగం ఊళ్ళలోనే ఈ పథకం పెట్టారు. ఆ ఊళ్ళలో మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్న పిల్లల మధ్య ఇంకో లాటరీ. లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ మధ్య అదృష్టం తప్ప వేరే తేడా ఉండదు. కాబట్టి నాలుగేళ్ళ తర్వాత మార్కుల్లో తేడా వస్తే అది బడి తెచ్చిన తేడానే.

ఫలితం ఏమొచ్చింది? తెలుగులో తేడా లేదు. లెక్కల్లో లేదు. ఇంగ్లీషులో లేదు. సైన్సు, సోషల్‌లో కూడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి వెళ్ళిన పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే ఆ వయసులో గవర్నమెంటు బడిలో హిందీ చెప్పరు. మామూలుగా పోల్చి చూస్తే ప్రైవేటు పిల్లలకి ఎక్కువ మార్కులు కనబడతాయి నిజమే, కానీ అందులో చాలాభాగం బడి గొప్ప కాదు, ఆ బడికి పంపగలిగిన ఇంటి గొప్ప.

ఇంతటితో ఆగిపోతే గవర్నమెంటు బడి పక్షంవాళ్ళు పండగ చేసుకోవచ్చు. కానీ రెండో సగం కూడా వినాలి. ఆ ప్రైవేటు బళ్ళలో ఒక్కో పిల్లవాడి మీద అయిన ఖర్చు గవర్నమెంటు బడి ఖర్చులో మూడోవంతు కంటే తక్కువ. తెలుగుకీ లెక్కలకీ కేటాయించిన గంటలు కూడా తక్కువే. మూడోవంతు ఖర్చుతో, తక్కువ గంటల్లో అవే మార్కులు తెచ్చి, పైన హిందీ కూడా నేర్పారన్నమాట. ఇప్పుడు చెప్పండి, ఎవరు గెలిచినట్టు? నన్నడిగితే రెండు పక్షాలూ తమ వాదన మళ్ళీ మొదటినుంచి సరిచూసుకోవాలి. మంచి పరిశోధన చేసే పని అదే. మన చేతిలో కర్ర పెట్టదు, మన ప్రశ్నని మార్చేస్తుంది.

ఇదొక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. విద్య, వైద్యం, సంక్షేమం, ఏది తీసుకున్నా ప్రపంచంలో పేరుపడ్డ పరిశోధనలు కొన్ని మన ఊళ్ళలోనే జరిగాయి.

హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల సంగతి చూడండి. 1987 నుంచి 1990 దాకా వాటిలో 15 ఊళ్ళలో గర్భిణులకీ ఆరేళ్ళలోపు పిల్లలకీ అదనంగా ఆహారం పెట్టారు. మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా అది. మిగతా 14 ఊళ్ళలో అప్పటికింకా ఆ పథకం రాలేదు. జాతీయ పోషకాహార సంస్థవాళ్ళూ వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళూ 2003-05 మధ్య మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళి, అప్పటి పసిపిల్లల్ని 13-18 ఏళ్ళ వయసులో కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అంతకంటే పెద్ద సంగతి, వాళ్ళలో ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది, రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిందిది. నలభై దాటకుండానే షుగరు మాత్రలు మొదలుపెట్టే జాతి మనది. అంగన్‌వాడీలో పెట్టే గుప్పెడు ఉప్మాకీ ఆ పిల్లవాడికి రేపు రాబోయే షుగరుకీ సంబంధం ఉండొచ్చన్న సంగతి మనకంటే ముందు ఎవరికి తెలియాలి?

ఉపాధిహామీ కూలీ డబ్బుల్నీ పింఛన్లనీ వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చిన తీరుని 157 మండలాల్లో పరీక్షించారు. దాదాపు 1.9 కోట్లమంది ఉన్న ప్రాంతమది. డబ్బు తొందరగా చేరింది, మధ్యలో కారిపోయేది తగ్గింది అని 2016లో తేల్చారు. 2002లో మొదలైన, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించే యంగ్ లైవ్స్ అధ్యయనమైతే మన రెండు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లల్ని పసితనం నుంచో, ఎనిమిదేళ్ళప్పటి నుంచో పెద్దయ్యేదాకా వెన్నంటి వస్తోంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లలతో పాటు మనవాళ్ళూ ఉన్నారందులో.

ఇక ఊరి బడికి డబ్బులు పంపే అలవాటున్న మనలాంటివాళ్ళు తప్పక చూడాల్సినది ఇంకోటుంది. బడికి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 125 రూపాయల చొప్పున గ్రాంటు ఇచ్చి చూశారు. ఎక్కువభాగం నోటుపుస్తకాలకీ అలాంటి వస్తువులకీ ఖర్చయింది. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది పెరగలేదు. ఎందుకో తెలుసా? డబ్బొస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు, బడి ఇస్తుంది కదా అని తాము కొనేవి తగ్గించుకున్నారు. తప్పేం కాదు, ఆ మిగిలిన డబ్బుతో ఇంట్లో ఇంకేదో అవసరం తీరుతుంది. కానీ బడికి ఏటా నోటుపుస్తకాలు పంచి "చదువు బాగుచేస్తున్నాం" అనుకునేవాళ్ళు ఈ ఒక్క ఫలితం ముందు కాసేపు కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళు ఎలాగూ కొనలేని దానికి, అంటే వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం చదువు చెప్పే మనిషికో, మరమ్మతుకో ఆ డబ్బిస్తే మంచిదేమో.

సరే, ఇంతకీ నా గోల ఏమిటంటారా? ఈ పరిశోధనలన్నిట్లోనూ ప్రశ్నలు అడిగింది తెలుగులో. జవాబులు చెప్పింది తెలుగులో. కూలిపని మానుకుని గంటలకొద్దీ కూర్చుని, ఇంట్లో ఎంత బియ్యం తింటారో, ఎంత అప్పుందో చెప్పింది మన అమ్మలూ అక్కలూ. రక్తం ఇచ్చింది మన పిల్లలు. ఫలితాలు మాత్రం ఇంగ్లీషులో, మామూలువాడు పదోపేజీ దాటలేని భాషలో ఉన్నాయి. కొన్ని చందా కట్టిన విశ్వవిద్యాలయాల తలుపుల వెనక ఉన్నాయి. ఉచితంగా దొరికే ముసాయిదాలున్నా, ఎక్కడున్నాయో తెలిసేది ఆ రంగంవాళ్ళకే. పరీక్ష రాసింది మనం, మార్కుల జాబితా అంటించింది వాళ్ళ ఊరి గోడమీద.

పరిశోధకుల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఊళ్ళకి తిరిగి వెళ్ళి చెప్పే ప్రయత్నం చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళ ఉద్యోగం నిలబడేది పెద్ద జర్నల్లో అచ్చయితేనే, తెలుగు కరపత్రం రాస్తే కాదు. 2005 నుంచి మన జిల్లాల్లో టీచర్ల ప్రోత్సాహకాల మీద పెద్ద పరిశోధన జరిగింది. పిల్లల మార్కులు పెరిగితే బోనసు ఇస్తామన్న బళ్ళలో రెండేళ్ళకి, నూరుమందిలో యాభయ్యో స్థానంలో ఉండే పిల్లవాడు లెక్కల్లో దాదాపు నలభయ్యో స్థానానికి ఎగబాకినంత తేడా కనబడింది. ప్రోత్సాహకం ఉంటే పని జరుగుతుందని ఇంత బాగా నిరూపించిన రంగంలో, ఫలితాన్ని ఆ ఊరివాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పడానికి మాత్రం ఏ ప్రోత్సాహకమూ లేదు!

"పల్లెటూరివాళ్ళకి ఈ గణాంకాలు ఏం అర్థమవుతాయండీ" అనేవాళ్ళుంటారు. విత్తనాల కంపెనీ చెప్పే దిగుబడికీ తన పొలంలో వచ్చే దిగుబడికీ తేడా ఎందుకొస్తుందో రైతుకి తెలుసు. లాటరీ అంటే ఏమిటో చీటీపాట వేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అర్థం కాకపోతే లోపం చెప్పేవాడిలో ఉంది.

ఇంకో అభ్యంతరం బరువైనది. "ఫలానా ఊళ్ళో చదువు బాగాలేదని చెబితే అక్కడి టీచరు మీద పడతారు, జనానికి మేలు కంటే గొడవే ఎక్కువ." నిజమే, అందుకే ఊరి పేరూ బడి పేరూ చెప్పక్కర్లేదు. సగటు చెబితే చాలు. పైగా చెప్పకపోవడంవల్ల వచ్చే గొడవ ఇంకా పెద్దది. అదే పరిశోధనలో భాగంగా, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో ఐదోవంతు కూడా లేని కాంట్రాక్టు టీచర్ని అదనంగా ఇచ్చిన బళ్ళలో పిల్లలు మెరుగుపడ్డారని తేలింది. దీన్ని ప్రభుత్వం "అయితే అందర్నీ కాంట్రాక్టు మీదే పెడదాం" అని చదువుకోవచ్చు. విద్యా వాలంటీరు "అయితే నాకింత తక్కువ జీతం ఎందుకు?" అని చదువుకోవచ్చు. ఫైలు మొదటివాళ్ళ చేతికి మాత్రమే అందితే, రెండో ప్రశ్న అసలు పుట్టదు.

మాట ఒకవైపు నుంచే నడిస్తే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. గర్భాశయ ముఖద్వార కేన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మీద 2009లో అక్కడ ఒక అధ్యయనం మొదలైంది. టీకాలు వేయించుకున్నవాళ్ళలో హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలూ చాలామంది ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారని గొడవ రేగి 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాకపోవచ్చనే విచారణ సంఘం తేల్చింది. కానీ అంగీకారపత్రాల సంగతి? ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లో తండ్రో కాదు, హాస్టల్ వార్డెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకాకి చెడ్డపేరు రావడానికి శత్రువులక్కర్లేదు. "నీ బిడ్డకి ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో" అన్న రెండు ముక్కలు ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పకపోతే సరిపోతుంది.

అడిగే ముందు చెప్పడం అంగీకారం. అడిగాక చెప్పడం బాకీ. మొదటిదానికి ఇప్పుడు కమిటీలున్నాయి, ఫారాలున్నాయి. రెండోదానికి అడిగే నాథుడు లేడు.

అందుకని నేననేది ఇంతే. ఈ పరిశోధనలు చాలావాటికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి కావాలి, బళ్ళ తలుపులు తెరవాలి, అధికారులు సహకరించాలి. ఆ అనుమతి కాగితంలో ఒక్క షరతు చేర్చాలి. ఫలితం అచ్చయిన ఏడాదిలోపు నాలుగు పేజీల తెలుగు సారాంశం ఇవ్వాలి, దాన్ని ఆ మండలాల్లో గ్రామసభ ముందు చదవాలి, ఏం తేలిందో, ఏం తేలలేదో రెండూ చెప్పాలి. కోట్ల రూపాయల పరిశోధనలో ఈ ఖర్చు టీనీళ్ళ ఖర్చు.

ఆ షరతు వచ్చేలోపు మనం చేయగలిగినదీ ఉంది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు దాన్ని నింపినవాళ్ళలో పగలు కోడు రాసుకుని రాత్రి వ్యాసాలు రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పట్టికలూ గ్రాఫులూ చదవడం మనకి రోజువారీ పని. ఇంగ్లీషు వచ్చు, తెలుగు మర్చిపోలేదు. నెలకో పరిశోధన పత్రం తీసుకుని, అమ్మకి ఫోన్లో చెప్పినట్టు రెండు పేజీల్లో రాయగలిగినవాళ్ళు వందమంది దొరకరా? పై 29 పల్లెల ఉప్మా కథ అంగన్‌వాడీ ఆయా చేతికి తెలుగులో అందితే, రేపు గరిటె తిప్పేటప్పుడు ఆమెకి తన పని విలువెంతో తెలుస్తుంది. ఆ మాట ఆమెకి చెప్పాల్సిన బాధ్యత మనమీదుంది.